వ్యాపారమునకు వలయు ఆంగ్లము : గ్రామములు నేర్వదగిన పాఠము

గ్రామములో పండిన పంటయు, నేసిన వస్త్రమును గ్రామపు సంతలోనే అమ్ముడుపోవు కాలము గడచిపోయినది. గుంటూరు మిరప, పోచంపల్లి ఇక్కతు వస్త్రము, అరకు కాఫీ, బంగినపల్లి మామిడి నేడు ఇతర రాష్ట్రములకే గాక పరదేశములకును పోవుచున్నవి. పూర్వము దళారికి మాత్రమే తెలిసిన బేరసారములను నేడు రైతు ఉత్పత్తిదారుల సంఘములు, చేనేత సహకార సంఘములు, మహిళా స్వయంసహాయక సంఘములు తామే నడుపుకొనుచున్నవి. ఇది సంతోషింపదగిన మార్పు. ఐనను దీనితోపాటు ఒక క్రొత్త చిక్కు గూడ గ్రామమునకు వచ్చినది. దూరప్రాంతపు వర్తకుడు వ్రాయు ఉత్తరము, పంపు ఒప్పందపత్రము, బిల్లు, రశీదు ఇవి యన్నియు సామాన్యముగా ఆంగ్లములో నుండును.

ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టము 1966లో వచ్చినది. ప్రభుత్వముతో మన వ్యవహారమును తెలుగులో నడుపుకొనుటకు అది మార్గము చూపినది. కాని ముంబయిలోని వర్తకునకు గాని, దుబాయిలోని దిగుమతిదారునకు గాని ఆ చట్టముతో నిమిత్తము లేదు. వారితో వర్తకము చేయగోరినచో వారికిని మనకును పొత్తుగానున్న భాషలో వ్యవహరింపక తప్పదు. కావున వ్యాపారమునకు వలయునంత ఆంగ్లమును గ్రామములోని సంఘములు ఎట్లు నేర్వవచ్చునో, అందు పంచాయతీ సభ్యులు చేయదగిన సాయమేమో ఈ పాఠములో వివరింపబూనితిమి.

ఒక మాట తెచ్చిన నష్టము

మేమెరిగిన యొక గ్రామములో చేనేత కార్మికుల సంఘమొకటి కలదు. దూరపు నగరములోని వర్తకుడొకడు నాలుగువందల దుప్పట్లకు ఆర్డరు పంపెను. ఆ ఉత్తరము చివర ‘దిస్ ఆర్డర్ ఈజ్ సబ్జెక్ట్ టు అప్రూవల్ ఆఫ్ శాంపిల్’ అను వాక్యముండెను. సంఘములో చదువుకొన్న యువకుడొకడు దానిని చదివి, ‘సబ్జెక్ట్’ అనగా ‘విషయము’ అని బడిలో నేర్చినవాడగుటచే, ‘ఆర్డరు విషయము, నమూనా ఆమోదింపబడినది’ అని అర్థము చెప్పెను. అందరును సంతోషించిరి. నూలు అరువు తెచ్చిరి. రెండు నెలలు మగ్గములు ఆడినవి.

ఆ వాక్యమునకు నిజమైన అర్థము వేరు. ‘ముందుగా నమూనా పంపవలెను, అది మాకు నచ్చినచోనే ఈ ఆర్డరు చెల్లును’ అని దాని భావము. నమూనా పోలేదు. సరుకు పోయినది. రంగు తాము కోరినదానికంటె ముదురుగా నున్నదని వర్తకుడు సరుకును త్రిప్పిపంపెను. ఉత్తరము ప్రకారము అతనిని తప్పుపట్టుటకు వీలులేకపోయినది. ఆ దుప్పట్లను సంతలలో అమ్మగా వచ్చిన సొమ్ము నూలు అప్పునకే చాలలేదు. సంఘపు పెద్ద యొకరు మాతో, ‘నూలుపోగు తెగినచో ముడివేయగలము బాబూ; ఈ మాట ఎక్కడ తెగినదో మాకు కానరాలేదు’ అనిరి.

ఇందు మోసమేమియు లేదు. ఆ యువకుడు సోమరియు కాడు, తెలివిలేనివాడును కాడు. బడిలో నేర్చిన ఆంగ్లమునకును, వ్యాపారపు ఆంగ్లమునకును గల భేదము అతనికి ఎవరును చెప్పలేదు. లోపమంతయు నదియే.

ఎంత ఆంగ్లము కావలెను?

ఆంగ్లమనగానే పెద్ద పెద్ద గ్రంథములు, కఠినమైన వ్యాకరణము జ్ఞప్తికి వచ్చి పలువురు వెనుదీయుదురు. అంత భయము అనవసరము. ఆగ్డెన్ అను ఆంగ్ల పండితుడు 1930లో ‘బేసిక్ ఇంగ్లీష్’ అను పద్ధతిని ప్రకటించెను. అందుగల మూలపదములు 850 మాత్రమే. ఆ కొద్ది మాటలతో నిత్యవ్యవహారమును నడుపవచ్చునని ఆయన వాదము. ఆ పద్ధతిని మనము యథాతథముగా అనుసరింప నక్కరలేదు గాని, అందలి నీతి మనకు పనికివచ్చును. ఒక మిరప సంఘమునకు కావలసినవి మిరపకు, తూనికకు, ధరకు, రవాణాకు, చెల్లింపునకు సంబంధించిన మాటలే. అవి కొన్ని వందలకు మించవు. ఆ కొద్దిపాటి మాటలను నిస్సందేహముగా ఎరుగుట, వేయి మాటలను సగము సగముగా ఎరుగుటకంటె మేలు.

పరభాష నేర్చుటలో వయస్సు గాని, దేశము గాని అడ్డుకాదనుటకు మన చరిత్రలోనే నిదర్శనము గలదు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన సి.పి. బ్రౌను దొరకు మన భాష పరాయిది. ఆయన పండితుల సాయముతో దానిని నేర్చి, తెలుగునకు నిఘంటువు కూర్చి, మన కావ్యములను అచ్చువేయించెను. దొరకు తెలుగు వచ్చినట్లే, మన రైతునకు తన సరుకు అమ్ముకొనునంత ఆంగ్లము రాగలదు.

చిన్న మాటలు, పెద్ద బాధ్యతలు

వ్యాపారపత్రములలో ప్రమాదము తెచ్చునవి పెద్ద మాటలు కావు. పెద్ద మాట కనబడినచో ఎవరినైన అడుగుదుము. తెలిసినట్లు తోచు చిన్న మాటలే మనలను ముంచును. వానిలో ముఖ్యమైనవి ఈ దిగువ వివరించుచున్నాము.

‘సబ్జెక్ట్ టు’ : ‘ఈ షరతునకు లోబడి’ అని అర్థము. దీని వెనుక వచ్చు మాటలు నెరవేరిననే ముందు చెప్పిన మాట చెల్లును. ఈ రెండు మాటలు కనబడినచోట గీత గీసి, ఆ షరతు ఏదియో తెలుగులో వ్రాసికొనవలెను.

‘షల్’, ‘మే’ : ఒప్పందములో ‘షల్’ అన్నచో తప్పక చేయవలెనని అర్థము. ‘మే’ అన్నచో చేయవచ్చును, మానవచ్చును. ‘సెల్లర్ షల్ డెలివర్, బయ్యర్ మే పే అడ్వాన్స్’ అని యున్నయెడల, సరుకు పంపుట మనకు విధి. బయానా యిచ్చుట వారి ఇష్టము. ఒకే వాక్యములో రెండు తులలు ఎట్లు తూగుచున్నవో చూడుడు.

‘నెట్’ : ఈ మాటకు రెండు తావులలో రెండర్థములు. ‘నెట్ వెయిట్’ అనగా సంచి బరువు తీసివేయగా మిగిలిన సరుకు బరువు. ‘నెట్ 60 డేస్’ అనగా బిల్లు వేసిన 60 రోజులలోపల సొమ్ము చెల్లింతురని. ఈ సందర్భమున సభ్యులు ఎరుగదగిన విషయమొకటి గలదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము 2006లో వచ్చినది. దానిక్రింద నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుల సరుకు కొన్నవారు, ఒప్పందములో ఏమి వ్రాసికొన్నను, సరుకును అంగీకరించిన నాటినుండి 45 దినములు మించకుండ సొమ్ము చెల్లింపవలెను. మించినచో వడ్డీ చెల్లింపవలసివచ్చును. ‘నెట్ 60’ అను అక్షరములను చదువగలిగినవాడే ఆ హక్కును గూడ అడుగగలడు.

‘ఎక్స్ వర్క్స్’, ‘ఎఫ్.ఓ.బి.’, ‘సి.ఐ.ఎఫ్.’ : ధర ప్రక్కన నుండు ఈ పొడి అక్షరములు రవాణా ఖర్చును ఎవరు భరింపవలెనో తెలుపును. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్యమండలి ఇట్టి మాటలకు నియమములను మొదట 1936లో ప్రకటించినది. 2020 నాటి ప్రతిలో ఇట్టివి పదునొకండు కలవు. మొదటిదానిలో కొనువాడే మన గిడ్డంగికి వచ్చి సరుకు తీసికొనిపోవలెను. రెండవదానిలో సరుకు ఓడనెక్కువరకు ఖర్చు మనది. మూడవదానిలో అవతలి రేవు వరకు ఓడ కిరాయియు, బీమాయు మనవే. ఒకే కిలోకు ఒకే ధర చెప్పినను, ఈ మూడు విధములలో మన చేతికి మిగులు లాభము మూడు విధములుగా నుండును.

‘రిసీవ్డ్ ఇన్ గుడ్ కండిషన్’ : ఇది సరుకు ముట్టినదని తెలుపు చీటీమీద నుండును. పంచాయతీకి వచ్చు పైపులు, మోటార్లు, వీధిదీపములు దింపుకొనునపుడు సభ్యులు స్వయముగా సంతకము చేయు మాట యిదియే. సరుకు మంచి స్థితిలో ముట్టినదని దాని అర్థము. పెట్టె విప్పకుండ ఈ మాటక్రింద సంతకము చేసినచో, తరువాత పగిలిన దీపమును గూర్చి చెప్పుకొనుట కష్టము. విప్పి చూచుటకు వ్యవధి లేనియెడల ‘పెట్టెలు విప్పి చూడలేదు’ అని తెలుగులోనైనను వ్రాసి సంతకము చేయుట మంచిది.

‘యాజ్ ఈజ్ వేర్ ఈజ్’ : పాత యంత్రములు, వాహనములు వేలము వేయు ప్రకటనలలో ఈ మాట యుండును. సరుకు ఎట్లున్నదో అట్లే, ఎచ్చటనున్నదో అచ్చటనే అని అర్థము. కొన్న పిమ్మట లోపము చూపి సొమ్ము అడుగుటకు సామాన్యముగా వీలుండదు. కావున వేలమునకు ముందే సరుకును కన్నులార చూడవలెను.

‘ఇ. అండ్ ఓ.ఇ.’ : దాదాపు ప్రతి బిల్లు అడుగునను ఈ అక్షరములు గలవు. లెక్కలో పొరపాటు గాని, విడుపు గాని యున్నచో దానిని సవరించుకొనుటకు వీలుంచుకొనుచున్నామని బిల్లు వ్రాసినవారి భావము. కావున బిల్లు ముట్టిన నాడే కూడిక సరిచూచుకొనుట మనకును క్షేమము.

సంఖ్యలు, తేదీలు, తూనికలు

అంకెలకు భాషాభేదము లేదని మనము తలంతుము. అది పూర్తిగా నిజము కాదు. లక్ష, కోటి అను మాటలు మన దేశము దాటినచో పలువురకు తెలియవు. లక్షను ‘హండ్రెడ్ థౌజండ్’ అనియు, పదిలక్షలను ‘మిలియన్’ అనియు, కోటిని ‘టెన్ మిలియన్’ అనియు చెప్పవలెను.

తేదీలో ఇంకను చిక్కు గలదు. 5-6 అని వ్రాసినచో మనకు జూన్ అయిదవ తేదీ. అమెరికావారికి మే ఆరవ తేదీ. ఒక నెల తేడా వచ్చినచో మామిడిపండు ఏమగునో చెప్పనక్కరలేదు. నెల పేరును అక్షరములలో వ్రాయుట దీనికి మందు. ‘నెక్స్ట్ ఫ్రైడే’ అన్నచో కొందరు వచ్చు శుక్రవారమనియు, కొందరు ఆపై శుక్రవారమనియు తలంతురు. మన ‘ఎల్లుండి’కి సరియగు ఒక్క మాట నేటి ఆంగ్లవ్యవహారములో లేదు. కావున వారముతోపాటు తేదీని చెప్పుటయే ఉత్తమము.

తూనికలలో టన్ను అను మాటకు మూడు కొలతలు గలవు. మన టన్ను వేయి కిలోలు. అమెరికా టన్ను సుమారు 907 కిలోలు. పాత ఇంగ్లండు టన్ను సుమారు 1016 కిలోలు. అందుచే ‘మెట్రిక్ టన్’ అని స్పష్టముగా వ్రాయవలెను. ‘బస్తా’ అన్నచో ఎన్ని కిలోల బస్తాయో ప్రక్కన తెలుపవలెను.

మాటలాడునపుడు

టెలిఫోనులో బేరమాడునపుడు మన తెలుగు అలవాట్లు కొన్ని ఆంగ్లములో అర్థమును తలక్రిందులు చేయును. ‘సరుకు పంపలేదా?’ అని యడిగినచో, పంపనివాడు తెలుగులో ‘అవును, పంపలేదు’ అనును. ఆంగ్లములో అదే ప్రశ్నకు ‘ఎస్’ అన్నచో పంపినామని అర్థమగును. ‘నో’ అన్నచో పంపలేదని. ‘ఉడ్ యూ మైండ్ వెయిటింగ్ టెన్ డేస్?’ అని యడిగినపుడు ‘ఎస్’ అనుట ఆక్షేపణ తెలుపుట. ‘నో’ అనుట ఒప్పుకొనుట. ఈ చిక్కును దాటుటకు ఉపాయమొకటి గలదు. ఎస్ గాని, నో గాని అని ఊరకొనక, పూర్తి వాక్యము చెప్పవలెను. ‘వియ్ హావ్ నాట్ సెంట్ ద గూడ్స్’ అన్నచో ఎవరికిని సందేహముండదు.

థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ అను జంటలు టెలిఫోనులో ఒకటిగానే వినబడును. పదిహేను రూపాయల తగ్గింపు యాబది యగుటకు ఒక్క క్షణము చాలును. కావున సంఖ్య చెప్పిన వెంటనే ‘వన్ ఫైవ్’ అనియో, ‘ఫైవ్ జీరో’ అనియో అంకెలుగా విడదీసి మరల చెప్పవలెను.

ఇంకొక విశేషము. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. ఆంగ్లములో ఆ రెంటికి ‘వియ్’ అను ఒక్క మాటయే. ‘వియ్ విల్ బేర్ ద లారీ ఛార్జెస్’ అని వర్తకుడు చెప్పినచో, తాము భరింతుమనియా, ఉభయులము పంచుకొందమనియా? మన భాష చూపు ఈ తేడాను ఆ భాష చూపదు. అట్టిచోట ‘బయ్యర్’ అనియో, ‘సెల్లర్’ అనియో, సంఘము పేరుతోనో వ్రాయించుకొనవలెను.

మర్యాద మాటలను గూడ తూచి గ్రహింపవలెను. ‘నోటెడ్’ అనగా మీ మాట చూచితిమని, ఒప్పుకొంటిమని కాదు. ‘వియ్ ఆర్ ఇంటరెస్టెడ్’ అనగా మాకు కుతూహలము గలదని, ఆర్డరు ఇచ్చితిమని కాదు. ఇట్టి మాటలు విని నూలు కొనరాదు, కోత కోయరాదు.

ఉత్తరము వ్రాయు విధము

మంచి వ్యాపారపు ఉత్తరమునకు అలంకారములు అక్కరలేదు. ఏ ఉత్తరమునకు జవాబు, ఏ సరుకు, ఎంత, ఏ ధర, ఏనాడు, సొమ్ము ఎప్పుడు అను ఆరు ప్రశ్నలకు ఆరు చిన్న వాక్యములు చాలును. ఒక వాక్యములో ఒక విషయమే యుండవలెను. తెలుగులో క్రియ చివర వచ్చును, ఆంగ్లములో కర్త వెంటనే వచ్చును. ఆ వరుసను పట్టినచో సగము వ్యాకరణము పట్టుబడినట్లే.

పైన చెప్పిన దుప్పట్ల ఆర్డరు నాడు సంఘమువారు ఇట్లు వ్రాసియుండిన చాలును: ‘థాంక్ యూ ఫర్ యువర్ ఆర్డర్. వియ్ ఆర్ సెండింగ్ వన్ శాంపిల్ టుడే. ప్లీజ్ కన్ఫర్మ్ ద కలర్ ఇన్ రైటింగ్. వియ్ షల్ స్టార్ట్ వీవింగ్ ఆఫ్టర్ యువర్ కన్ఫర్మేషన్.’ అనగా, మీ ఆర్డరునకు కృతజ్ఞులము. నేడు నమూనా యొకటి పంపుచున్నాము. రంగును ఖాయపరచి వ్రాతమూలముగా తెలుపుడు. మీ జవాబు ముట్టిన పిమ్మట నేత ప్రారంభింతుము. ఈ నాలుగు వాక్యములలో కఠినమైన మాట యొక్కటియు లేదు. ఇవి ఆ సంఘమును రెండు నెలల కష్టమునుండి కాపాడియుండెడివి.

టెలిఫోనులో కుదిరిన బేరమును గూడ ఆనాడే ఉత్తరముగా వ్రాసి పంపుట మంచి అలవాటు. మాట గాలిలో పోవును, వ్రాత నిలుచును.

నేడు చేతి ఫోనులోనే ఆంగ్లమును తెలుగుచేయు సాధనములు గలవు. ఉత్తరపు సారాంశము గ్రహించుటకు అవి చక్కగా ఉపకరించును. ఐనను షరతులు, మినహాయింపులు గల వాక్యములలో అవి పొరపాటు పడవచ్చును. చదువుటకు వానిని నమ్మవచ్చును గాని, సంతకము చేయుటకు వానినే నమ్మరాదు. పెద్ద ఒప్పందమైనచో భాషయు, చట్టమును తెలిసినవారికి చూపించి, తెలుగు ప్రతి నడిగి తీసికొనవలెను. అట్లడుగుట అవమానము కాదు.

పంచాయతీ చేయదగినది

ఆంగ్లబోధనకు పెద్ద సంస్థలు లేకపోలేదు. హైదరాబాదులో 1958లో స్థాపింపబడిన కేంద్ర ఆంగ్ల సంస్థ నేడు ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమై వెలయుచున్నది. కాని మగ్గము విడిచి నేతగాడును, పొలము విడిచి రైతును నగరమునకు పోజాలరు. పాఠము గ్రామమునకే రావలెను. అందులకు క్రొత్త భవనము గాని, పెద్ద నిధి గాని అక్కరలేదు.

మొదటిది, గ్రంథాలయము. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. గ్రామములో గ్రంథాలయమున్నచో దానిలో, లేనిచో పాఠశాలలో గాని, పంచాయతీ కార్యాలయములో గాని వారమునకొక సాయంకాలము కూడవచ్చును. పాఠశాల ఆంగ్లోపాధ్యాయుని గాని, ఉద్యోగవిరమణ చేసిన గుమాస్తాను గాని ఆహ్వానింపవలెను.

రెండవది, పాఠ్యపుస్తకము. దానిని కొననక్కరలేదు. సంఘములకు వచ్చిన నిజమైన ఉత్తరములు, బిల్లులు, రశీదులే పాఠములు. ఒక్కొక్క వారము ఒక్కొక్క కాగితము తీసికొని, గట్టిగా చదివి, ప్రతి వాక్యమునకు తెలుగు చెప్పుకొనవలెను. పేర్లును, ఖాతా సంఖ్యలును మరుగుచేయుట మరువరాదు.

మూడవది, మాటల పుస్తకము. ఒక లావుపాటి నోటుపుస్తకమును గ్రంథాలయములో నుంచి, కాగితములలో తగిలిన ప్రతి క్రొత్త మాటను, దాని తెలుగర్థమును, అది వచ్చిన వాక్యమును వ్రాయించవలెను. ఏడాది గడచునప్పటికి అది ఆ గ్రామపు వృత్తులకు తగిన నిఘంటువగును. అంగడిలో దొరకు నే పుస్తకమును దానికి సాటిరాదు.

నాలుగవది, ఇద్దరు చదువువారు. ఏ కాగితమునైనను ఒక్కరే చదివి అర్థము చెప్పుట గాక, ఇద్దరు విడివిడిగా చదివి చెప్పవలెను. ఇద్దరి అర్థములు కలసినచో సంతకము. కలియనిచో మూడవవారిని అడిగిన పిమ్మటనే సంతకము. ఈ కట్టుబాటు నాడుండినచో దుప్పట్ల సంఘమునకు నష్టము రాకపోయెడిది.

స్త్రీలను ఈ కూటములకు ప్రత్యేకముగా పిలువవలెను. అనేక గ్రామములలో బ్యాంకు పనులు, పొదుపు లెక్కలు నేడు వారి చేతిలోనే యున్నవి. వారికి అనుకూలమగు వేళను వారినే అడిగి నిర్ణయింపవలెను. బడిపిల్లలను గూడ కూర్చుండనిచ్చుట మేలు. పిల్లవాడు బడిలో నేర్చిన ‘సబ్జెక్ట్’కును, తన తండ్రి చేతి కాగితములోని ‘సబ్జెక్ట్ టు’కును గల తేడాను అచ్చట కన్నులార చూచును.

సభ్యులు తమకు ఆంగ్లము రాదని సంకోచింప నక్కరలేదు. తెలియని మాటను తెలియదని సభలో మొదట చెప్పు ధైర్యమే ఈ పాఠమునకు ప్రారంభము. సర్పంచి ‘ఈ మాటకు అర్థమేమి?’ అని నిస్సంకోచముగా అడిగినచో, తక్కినవారును అడుగుదురు. ఆంగ్లము నేర్చుటచే తెలుగు తరగిపోదు. పైపెచ్చు, ప్రతి మాటను తెలుగులో నిలిపి చూచుకొనుటచే మన భాష బలము మనకే తేటపడును.

ఆ చేనేత సంఘమువారు నష్టము తరువాత మగ్గములు ఆపలేదు. వారి కార్యాలయపు గోడమీద నేడు ఒక పలక గలదు. ‘నమూనా పంపితిమా? జవాబు వ్రాతలో వచ్చినదా? ఇద్దరు చదివితిరా?’ అని దానిమీద సుద్దతో వ్రాసియున్నది. ఆ మూడు ప్రశ్నలకు జవాబు దొరకినగాని వారు నూలు కొనరు. ప్రతి గ్రామములోను ఆ పలకవంటిదొకటి వెలయుగాక యని కోరుచున్నాము.